మారీచుడి భయం, నాన్నగారి పూజగది

 

అరణ్యకాండ వీడియోలో బంగారు లేడి ఘట్టం చెప్పుకున్నాం కదా. ఆ లేడిగా మారడానికి ముందు మారీచుడు రావణుడితో చెప్పిన మాటలు కొన్ని ఉన్నాయి. మామూలుగా ప్రవచనాల్లో అవి త్వరగా దాటిపోతాయి, ఎందుకంటే అందరి మనసూ సీతమ్మ దగ్గరే ఉంటుంది. ఇవాళ ఆ మాటల దగ్గరే ఆగుదాం. కారణం ఉంది, చెప్తాను.

విశ్వామిత్రుడి యాగం దగ్గర మారీచుడు మొదటిసారి రాముడి చేతిలో దెబ్బ తిన్నాడు. రాముడు వేసిన మానవాస్త్రం అతన్ని చంపలేదు, నూరు యోజనాల అవతల సముద్రంలో పడేసింది. తర్వాత దండకారణ్యంలో ఇంకో ఇద్దరు రాక్షసులతో కలిసి మృగం వేషంలో మళ్లీ రాముడి మీదికి వెళ్లాడు. మూడు బాణాలు వచ్చాయి. ఇద్దరు పోయారు, ఇతను తప్పించుకున్నాడు. ఆ రోజుతో మనిషి మారిపోయాడు. జడలు పెంచాడు, జింక చర్మం కట్టాడు, మితంగా తింటూ ఆశ్రమంలో తపస్సు చేసుకుంటున్నాడు.

అలాంటివాడి దగ్గరికి రావణుడు వచ్చి, సీతను ఎత్తుకురావాలి, సాయం చెయ్యి అంటాడు. అప్పుడు మారీచుడు తన లోపల ఏం జరుగుతోందో చెప్పుకుంటాడు. ఏ చెట్టు చూసినా విల్లు పట్టుకున్న రాముడే కనిపిస్తున్నాడంటాడు. ఎవరూ లేనిచోట కూడా ఉన్నట్టే ఉంటుందంటాడు. కలలో చూసి అదిరిపడి లేస్తున్నానంటాడు. ‘ర’తో మొదలయ్యే మాట, రత్నం అన్నా రథం అన్నా, చెవిన పడితే చాలు, భయం పుడుతోందంటాడు.

ఈ నాలుగు సంగతులూ తీసుకెళ్లి ఇవాళ ఒక సైకియాట్రిస్ట్ ముందు పెట్టండి. ఆయనకి వెంటనే గుర్తొచ్చే పేరు పీటీఎస్‌డీ, పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. జరిగిపోయిన దెబ్బ ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్ల ముందు తిరగడం, పీడకలలు, దాన్ని గుర్తుచేసే ప్రతి చిన్నదాన్నీ తప్పించుకోవడం, ఒళ్లంతా ఎప్పుడూ అలర్ట్‌గా ఉండటం. వాల్మీకి మోడర్న్ సైకాలజీ ముందే కనిపెట్టేశాడని నేను అనను. అలాంటి వాట్సాప్ గొప్పలు మనకొద్దు. ఆయన మనిషిని దగ్గర్నుంచి చూసి రాశాడు, అంతే. అదే చాలు మనకి.

ఇందులో నన్ను పట్టుకున్న విషయం ఇంకొకటి. మారీచుడు అప్పటికే తపస్సులో ఉన్నాడు. నియమం ఉంది, ఆశ్రమం ఉంది, జనానికి దూరంగా ఏకాంతం ఉంది. అయినా భయం పోలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని ముందుకి రండి.

పోయిన నెల ఒకమ్మాయి నాకు పెద్ద మెసేజ్ పంపింది. ఆవిడ అనుమతితో, పేరూ ఊరూ లేకుండా చెప్తున్నాను. వాళ్ల నాన్నగారికి యాభై ఎనిమిది. ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున్నే స్నానం చేసి విష్ణు సహస్రనామం చదువుకునే మనిషి. కార్తీకమాసంలో ఒకరోజు హారతి ఇస్తుంటే కుడిచేతిలోంచి గంట జారిపోయింది. వంగి తీసుకుందామంటే చెయ్యి లేవలేదు. పక్కకి ఒరిగిపోయారు. భార్యను పిలుద్దామంటే మాట రాలేదు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. కర్పూరం వాసన, మిక్సీ చప్పుడు, చల్లటి గచ్చు. దాదాపు ఇరవై నిమిషాలు అలాగే ఉన్నారట. స్పృహలోనే.

తర్వాతంతా మంచే జరిగింది. టైంకి హాస్పిటల్‌కి చేరారు, గడ్డ కరిగే ఇంజెక్షన్ పడింది, చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది, మాట కూడా కాస్త తడబాటుతో వచ్చేసింది. బంధువులందరూ ‘గండం గడిచింది, అంతా దేవుడి దయ’ అన్నారు.

ఆరు నెలలు గడిచాయి. ఆయన రాత్రి లైటు ఆర్పనివ్వరు. కుడిపక్కకి తిరిగి పడుకోరు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గుప్పిట మూసి తెరిచి చూసుకుంటారు, తన పేరు తనే పైకి చెప్పుకుని నాలుక తిరుగుతోందో లేదో చూసుకుంటారు. మాత్రల డబ్బా తీసుకొస్తే విసుక్కుంటారు, ఒక్కోసారి వేసుకోకుండా దిండు కింద పెట్టేస్తారు. ఇక పూజగదిలోకైతే అడుగు పెట్టలేదు. పక్క ఫ్లాట్‌లో హారతి ఇచ్చి కర్పూరం వాసన వస్తే ఆయనకి చెమటలు పట్టి, గుండె దడ వచ్చి, బాల్కనీలోకి వెళ్లిపోతారు. ఫోన్లో సహస్రనామం పెడితే కట్టేయమంటారు.

ఇంట్లో వాళ్లకి ఏమని అర్థమవుతుంది చెప్పండి? ‘దేవుడి మీద కోపం వచ్చింది’ అని ఒకరు. ‘నమ్మకం పోయింది’ అని వాళ్ల పిన్ని. ఏ జన్మలో చేసుకున్న పాపమో అని ఇంకొకరు, అదీ ఆయన వినేటట్టు. ఆ అమ్మాయి నన్ను అడిగింది: గురువుగారూ, నాన్నని మళ్లీ భక్తిలోకి ఎలా తీసుకురావాలి?

అమ్మా, మీ నాన్నగారు భక్తిలోంచి ఎక్కడికీ వెళ్లలేదు. నేను చెప్పదలుచుకున్నది మొత్తం ఇదే, మిగతాదంతా దీనికి వివరణ.

స్ట్రోక్, మన పెద్దవాళ్లు పక్షవాతం అంటారు, మెదడుకి వెళ్లే రక్తనాళం మూసుకుపోవడం వల్లో చిట్లడం వల్లో వస్తుంది. చెయ్యీ కాలూ మాటా దెబ్బతింటాయని అందరికీ తెలుసు. ఫిజియోథెరపీ చేయిస్తాం, ఉప్పు తగ్గిస్తాం, బీపీ చూస్తాం. కానీ ఆ అనుభవం మనసుకి చేసే గాయం గురించి మన ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. 2013లో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలు కలిపి చూశారు. స్ట్రోక్ గానీ, వచ్చి కాసేపట్లో పోయే మినీ స్ట్రోక్ గానీ వచ్చినవాళ్లలో మొదటి ఏడాదిలో సుమారు నలుగురిలో ఒకరికి పీటీఎస్‌డీ లక్షణాలు కనిపించాయి. ఏడాది దాటాక కూడా సుమారు తొమ్మిది మందిలో ఒకరికి ఉన్నాయి. అంటే ఇది మీ నాన్నగారి ఒక్కరి బలహీనత కాదు. ఆ ఫిజియోథెరపీ హాల్లో పక్కన కూర్చున్నవాళ్లలో ఇంకెవరికో కూడా ఉండే ఉంటుంది, వాళ్లూ చెప్పుకోలేక ఊరుకుని ఉంటారు.

పీటీఎస్‌డీ అనగానే మనకి సినిమాల్లో యుద్ధం నుంచి వచ్చిన సైనికుడు గుర్తొస్తాడు. సైనికుడు ఇంటికొచ్చాక శత్రువు ఎక్కడో సరిహద్దు అవతల ఉంటాడు. స్ట్రోక్ వచ్చినవాళ్లకి ఆ సౌకర్యం లేదు. దెబ్బ కొట్టింది తన ఒళ్లే. తిమ్మిరి ఎక్కితే భయం, తల నొప్పి పుడితే భయం, గుండె కాస్త గట్టిగా కొట్టుకుంటే భయం. ఒంట్లోంచి పారిపోయి ఎక్కడికి వెళ్తాడు మనిషి? పైగా ఆ భయంలో నిజం కూడా ఉంది. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం మామూలువాళ్ల కంటే ఎక్కువే. అందుకే మనం ‘ఏం కాదులే, ధైర్యంగా ఉండు’ అంటే వాళ్లకి ఎక్కదు. డాక్టర్ చెప్పింది వాళ్లు కూడా విన్నారుగా!

మాత్రల సంగతి ఇక్కడే అర్థమవుతుంది. రోజుకి రెండుపూటలా చేతిలో పెట్టే మాత్ర ఆయనకి ఏం చెప్తోంది? నీకు స్ట్రోక్ వచ్చింది, మళ్లీ రావచ్చు అని చెప్తోంది. మారీచుడికి రథం అనే మాటలో ‘ర’ ఎలాగో, ఈయనకి ఆ తెల్ల మాత్ర అలాగ. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో చూస్తే, స్ట్రోక్ తర్వాత ఈ లక్షణాలు ఉన్నవాళ్లలో మందులు సరిగా వేసుకోనివాళ్లు, లేనివాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉన్నారు. రెండో స్ట్రోక్ రాకుండా కాపాడేవి ఆ మందులే. అంటే ఈ భయాన్ని పట్టించుకోకపోతే అది ప్రాణం మీదికే వస్తుంది. ‘మొండితనం’ అని వదిలేసే విషయం కాదిది.

పూజగది సంగతి కూడా అంతే తల్లీ. దెబ్బ తగిలిన చోటు అది. బైక్ యాక్సిడెంట్ అయిన మనిషి ఆ టర్నింగ్ దగ్గరికి వెళ్లడానికి జంకితే మనం అర్థం చేసుకుంటాం. నీకు రోడ్ల మీద నమ్మకం పోయిందా అని ఎవరూ అడగరు. ఆ టర్నింగ్ బదులు పూజగది అయ్యేసరికి, కర్పూరం అయ్యేసరికి, మనం దాన్ని ఆధ్యాత్మిక సమస్య చేసేశాం. రాముడి పేరులో మొదటి అక్షరానికే వణికిపోయిన మారీచుడికి రాముడంటే ఎంత గౌరవమో అదే సర్గల్లో కనిపిస్తుంది. రాముడు ధర్మమే మూర్తీభవించినవాడని రావణుడి ముఖం మీద చెప్పింది ఈ మారీచుడే. భయం వేరు, భావం వేరు. రెండూ ఒకే గుండెలో ఉండగలవు.

ఇక్కడ ఒక పక్కమాట. భాగవతంలో కంసుడు భయంతోనే తింటున్నా తిరుగుతున్నా కృష్ణుణ్ణే చూశాడని, ఆ భయమే అతనికి మోక్షం ఇచ్చిందని చెప్తారు. మారీచుడి గురించి కూడా కొందరు అలాగే చెప్తారు, భయం కూడా ఒక ధ్యానమే అని. వేదిక మీద వినడానికి బాగుంటుంది. దయచేసి ఆ మాట తీసుకెళ్లి రోగి మంచం పక్కన చెప్పకండి. రాత్రి నాలుగింటికి తన పేరు తనే పలికి చూసుకునే మనిషికి ‘ఇది నీకు దేవుడిచ్చిన ధ్యానం’ అని చెప్పడం కరుణ అనిపించుకోదు.

మెసేజ్ చివర్లో ఆ అమ్మాయి రాసిన విషయం నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది. ఒకరాత్రి నాన్నగారు తనతో అన్నారట: “ఆ ఇరవై నిమిషాల్లో నాకు స్వామి గుర్తుకు రాలేదమ్మా. మిక్సీ ఆగుతుందా ఆగదా, అదొక్కటే ఆలోచించాను. ముప్పై ఏళ్లు చదివాను. ఒక్క నామం రాలేదు.”

చూశారా, అసలు ముల్లు ఎక్కడుందో. ఆయన దేవుణ్ణి వదిలేయలేదు. తనే పరీక్షలో తప్పానని సిగ్గుపడుతున్నారు. గీతలో ఎనిమిదో అధ్యాయం విన్నవాళ్లందరికీ ఈ భయం ఉంటుంది. చివరి ఘడియలో ఏది తలుచుకుంటే దాన్నే పొందుతారు కదా, నేను మిక్సీని తలుచుకున్నానే అని.

ముందు శరీరం సంగతి చెప్తాను. కుడిచెయ్యి, మాట కలిసి పడిపోయాయంటే చాలామందిలో దెబ్బ మెదడులో ఎడమవైపు, భాష ఉండే చోట తగిలినట్టు. మాటలు పుట్టే చోటికే రక్తం అందనప్పుడు సహస్రనామం ఎక్కణ్నుంచి వస్తుంది? సొంత కూతురి పేరు కూడా వచ్చి ఉండదు ఆయనకి. కూతురి మీద ప్రేమ లేదని అంటామా?

రెండోది, ఇలా అయిన మొదటి మనిషి మీ నాన్నగారు కాదు. రామ్ దాస్ అని ఒకాయన ఉండేవారు. అమెరికన్, అసలు పేరు రిచర్డ్ ఆల్పర్ట్, హార్వర్డ్‌లో సైకాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసి తర్వాత మన దేశం వచ్చి నీమ్ కరోలీ బాబా శిష్యుడయ్యారు. ఆ పేరు పెట్టింది ఆ గురువుగారే. దాదాపు ముప్పై ఏళ్లు సాధన చేసి, లక్షలమందికి మరణ భయం గురించి, ధ్యానం గురించి చెప్పారు. 1997లో ఆయనకి పెద్ద స్ట్రోక్ వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. తర్వాత ఆయనే చెప్పుకున్నారు: హాస్పిటల్లో స్ట్రెచర్ మీద పడుకుని సీలింగ్‌కి ఉన్న పైపులు చూస్తూ ఉన్నానే తప్ప ఒక్క ఆధ్యాత్మిక ఆలోచన కూడా రాలేదు, పరీక్షలో ఫెయిల్ అయ్యాను అనుకున్నాను అని. కొంతకాలం డిప్రెషన్‌లోకి వెళ్లారు, గురువు కృప మీద కూడా అనుమానం వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి పైగా బతికారు, 2019లో వెళ్లిపోయేదాకా వీల్‌ఛైర్‌లో కూర్చుని, మాటకీ మాటకీ మధ్య చాలాసేపు వెతుక్కుంటూనే, జనంతో మాట్లాడారు. ఈయనకి పైపులు, మీ నాన్నగారికి మిక్సీ.

మూడోది మన శాస్త్రం. తిరుమల వెళ్లినవాళ్లకి తెలుసు, ముందు పుష్కరిణి పక్కన వరాహస్వామిని చూసుకుని తర్వాత శ్రీనివాసుడి దగ్గరికి వెళ్లాలనేది సంప్రదాయం. ఆ వరాహస్వామి భూదేవికి ఇచ్చిన మాటగా శ్రీవైష్ణవులు చెప్పుకునేది ఒకటి ఉంది, వరాహ చరమ శ్లోకం అంటారు. దాని సారం ఇది. మనసూ ఒళ్లూ కుదురుగా ఉన్న రోజుల్లో ఎవడు నన్ను తలుచుకున్నాడో, వాడు చివర్లో కట్టెలా, రాయిలా పడి ఉండి నన్ను తలుచుకోలేని స్థితిలో ఉంటే, అప్పుడు నేను వాణ్ణి తలుచుకుంటాను. నేనే తీసుకెళ్తాను.

మళ్లీ ఒకసారి చదవండి. కట్టెలా, రాయిలా. స్ట్రోక్ వచ్చి గచ్చు మీద పడ్డ మనిషికి దీనికంటే సరిపోయే మాట ఇంకెక్కడ దొరుకుతుంది? తలుచుకునే పని ఆ టైంలో భక్తుడిది కాదు, స్వామి తన మీద వేసుకున్నాడు. ముప్పై ఏళ్లు మీరు చదివారు, ఆ ఇరవై నిమిషాలు ఆయన చదివాడు.

మన భద్రాచలం రామదాసుగారు కూడా దాశరథీ శతకంలో ఇదే జాగ్రత్త పడ్డారు. చివర్లో రోగాలు ముదిరి గొంతు పూడుకుపోతే నిన్ను తలుస్తానో లేదో నాకే గ్యారంటీ లేదు, అందుకని ఆ రోజు కోసం కూడా ఇప్పుడే భజన చేసి పెడుతున్నాను అని రాముడితో చెప్పుకున్నారు. అంత భక్తుడికే ఆ అనుమానం ఉంది, దాన్ని దాచుకోలేదు. ఆ రామదాసు, ఈ రామ్ దాస్, పేర్లు కలవడం కాకతాళీయమే అనుకోండి, నాకు మాత్రం రాస్తుంటే ఒళ్లు జలదరించింది.

అమ్మా, ఇది మీ నాన్నగారికి చదివి వినిపించు. ఒక్క షరతు, ఆయన వింటానంటేనే.

ఇక ఏం చెయ్యాలి? పెద్ద పెద్ద సలహాలు నా దగ్గర లేవు. నేను డాక్టర్ని కాను. కానీ మన పెద్దలు ఈ విషయంలో చాలా క్లియర్‌గా ఉన్నారు. చరకసంహిత సూత్రస్థానం పదకొండో అధ్యాయంలో చికిత్స మూడు రకాలని ఉంటుంది. మంత్రం, జపం, హోమం లాంటివి దైవవ్యపాశ్రయం. ఆహారం, మందులు యుక్తివ్యపాశ్రయం. మనసుని దానికి హాని చేసే విషయాల మీదికి పోకుండా మళ్లించడం సత్త్వావజయం. మూడూ పక్కపక్కన పెట్టాడు. మొదటిది చేస్తే మిగతా రెండూ అక్కర్లేదని అనలేదు. సహస్రనామంలో భేషజం, భిషక్ అని రెండు నామాలున్నాయి. మందూ ఆయనే, వైద్యుడూ ఆయనే. సహస్రనామం రోజూ చదివే ఇంట్లో సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లడానికి నామోషీ ఎందుకు మరి?

కాబట్టి మొదట, స్ట్రోక్ చూసిన న్యూరాలజిస్ట్‌కి ఈ లక్షణాలన్నీ చెప్పండి. నిద్ర, చెమటలు, మాత్రలు దాచడం, అన్నీ. నెల దాటినా తగ్గలేదంటే సైకియాట్రిస్ట్ గానీ క్లినికల్ సైకాలజిస్ట్ గానీ చూడాల్సిందే. ఈ గాయానికి తగిన మాటల చికిత్సలు ఉన్నాయి, అవసరమైతే మందులూ ఉన్నాయి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారని సైకియాట్రిస్ట్‌కి తప్పకుండా చెప్పాలి, కొన్ని మందులు కలిస్తే రక్తస్రావం రిస్క్ పెరుగుతుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది, 14416. ఫ్రీ, ఏ వేళకైనా, తెలుగులో మాట్లాడొచ్చు.

భయంతో వచ్చిన దడా, నిజంగా ఇంకో స్ట్రోకా అని ఇంట్లో కూర్చుని తేల్చే పని మాత్రం పెట్టుకోవద్దు. మూతి ఒకపక్కకి లాగినా, ఒక చెయ్యో కాలో ఉన్నట్టుండి పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, చూపు గానీ నడకలో తూకం గానీ హఠాత్తుగా పోయినా, టైం చూసుకుని 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటల లోపే అవకాశం. జపమాల తిప్పడం అంబులెన్స్ ఎక్కాక చేద్దాం. ఆ సంఖ్యా నూట ఎనిమిదే, ఈ సంఖ్యా నూట ఎనిమిదే, ముందు ఏది తిప్పాలో తెలిస్తే చాలు.

సాధన విషయంలో నాకు తెలిసినవి చెప్తాను. ఏకాదశి ఉపవాసమని మాత్రలు ఆపకూడదు, ఉపవాసం అసలు ఉండొచ్చా అనేది డాక్టర్ని అడగాలి. భస్త్రిక, కపాలభాతి, ఊపిరి బిగపట్టే కుంభకం, శీర్షాసనం లాంటివి స్ట్రోక్ తర్వాత యూట్యూబ్ చూసి చెయ్యకూడదు, మా ఛానల్ చూసి కూడా చెయ్యకూడదు. కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమంటే కొందరికి ఇంకా భయం పెరుగుతుంది, ఎందుకంటే లోపలికి చూస్తే వినిపించేది ఆ గుండె చప్పుడే. అలాంటివాళ్లని కళ్లు తెరుచుకునే ఉండమనండి. కిటికీ దగ్గర కూర్చుని, తులసి మొక్కని చూస్తూ, ఒక్క నామం పైకి అనుకుంటే చాలు. అనాలనిపిస్తేనే.

దేవుడి దగ్గర భయం చెప్పుకోవడం తక్కువతనం అనుకునేవాళ్లకి మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి గురించి చెప్పాలి. పదహారో శతాబ్దంలో కేరళలో, వాతరోగంతో బాధపడుతూ గురువాయూర్ గుడిలో కూర్చుని నారాయణీయం రాసినాయన. నూరు దశకాలు. దాదాపు ప్రతి దశకం చివర్లో స్వామికి అదే విన్నపం: నా రోగం తగ్గించు, నన్ను కాపాడు. రోజూ ఇదే గోలేంటని గురువాయూరప్ప విసుక్కోలేదు. మనం దాన్ని ఇవాళ పారాయణ గ్రంథంగా నెత్తిన పెట్టుకున్నాం. మీ నాన్నగారు అర్ధరాత్రి నీతో చెప్పుకున్న ఆ మిక్సీ మాటని నేను అలాగే లెక్కపెడతాను.

వినేవాళ్ల గురించి కూడా ఒక మాట. మారీచుడు తన భయమంతా చెప్పుకుంటే రావణుడు ఏమన్నాడో తెలుసా? నిన్ను సలహా అడగలేదు, చెప్పిన పని చేస్తే అర్ధరాజ్యం, చెయ్యకపోతే చంపేస్తా అన్నాడు. మన ఇళ్లలో అంత మాట ఎవరూ అనరు. కానీ ‘ఆ సంగతి ఇప్పుడెందుకు, మర్చిపో’ అనే మాట ప్రతి ఇంట్లో ఉంటుంది. చెప్తున్న మనిషిని మధ్యలో ఆపేసే మాట అది. అలాగని బలవంతంగా చెప్పించడం కూడా వద్దు. చెప్తే వినాలి, ఆపితే ఆపాలి.

మీ అమ్మగారిని కూడా చూసుకో తల్లీ. ఆ మిక్సీ వేసింది ఆవిడే. అప్పట్నించి మిక్సీ వేసేటప్పుడు నాన్నగారిని వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టుకుంటోందని రాశావు. పక్కనే చూసినవాళ్లకి కూడా ఇలాంటి గాయం అవుతుంది. సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లిన రోజు ఆవిడని బయట కుర్చీలో వదిలేయకుండా లోపలికి తీసుకెళ్లు.

చివరిగా నువ్వడిగిన చిన్న ప్రశ్న. నాన్నగారు పూజగదిలోకి రాకపోతే ఇంట్లో నిత్యపూజ ఆగిపోయినట్టేనా, దోషమా అని. దోషం ఏమీ లేదు. దీపం మీ అమ్మగారు పెట్టొచ్చు, నువ్వు పెట్టొచ్చు. కొన్నాళ్లు కర్పూర హారతి ఆపేసి నేతిదీపంతో సరిపెట్టండి, అగరొత్తులు కూడా ఆయన్ని అడిగి వెలిగించండి. ఒక చిన్న పటం, ఒక చిన్న దీపం హాల్లో ఆయన కూర్చునే చోటికి కాస్త దూరంగా పెట్టి చూడండి, వద్దంటే మారు మాట్లాడకుండా తీసేయండి. పూజగది తలుపు తీసే ఉంచండి. ఎప్పుడు, ఎన్ని అడుగులు లోపలికి వెయ్యాలనేది ఆయనా, ఆ సైకాలజిస్ట్ కలిసి చూసుకుంటారు. గంట మాత్రం కొన్నాళ్లు బీరువాలో ఉండనీ.